కదలెడి బొమ్మకు కనరాని సుంకము

సికింద్రాబాదు నుండి ఉప్పలు పోవు బాటలో, ఉస్మానియా విశ్వవిద్యాలయపు పొలిమేర నానుకొని, తార్నాక ఉన్నది. ఆ పేరునకు అర్థమేమని అడిగినచో అక్కడి పాతవారు ఉర్దూ మాటలు రెండు చెప్పుదురు. తార్ అనగా తీగ. నాకా అనగా కాపలా ఉన్న దారి. నిజాము కాలమున ఇక్కడి తోటలకు ముళ్లతీగ చుట్టి, దారి మొగమున కాపలా నిలిపినందున ఆ పేరు స్థిరపడినదని వాడుక. ఇప్పుడు తీగా లేదు, నాకా లేదు. 2017 నుండి కూడలి మీదుగా మెట్రో రైలు సాగిపోవుచున్నది; క్రింద బస్సులు, ఆటోలు, భుజమున సంచులతో విద్యార్థులు. కాని ఆ విద్యార్థుల జేబులలోని ఫోనులలో నేటికీ ఒక తీగ, ఒక నాకా ఉన్నవి. అవి కంటికి కనబడవు. వాటిని గూర్చి ఉపాధ్యాయలోకము కొంత తెలిసికొనవలసిన కాలము వచ్చినదని నా అభిప్రాయము.

నేను చెప్పబోవునది వీడియో పాఠముల సంగతి. ఛందస్సు చెప్పుకొని బ్రతుకు తెలుగు అధ్యాపకునికి యంత్రముల గొడవ ఏల అని కొందరనవచ్చును. అయితే పాఠము ఎవరిదో, దానిని దాచవలసిన పూచీ కూడ వారిదే గదా!

ఈ ఆవరణలో దృశ్య పాఠములు కొత్తవి కావు. 1984 ఆగస్టు 15న యూజీసీ వారు దేశవ్యాప్త తరగతి గది అను కార్యక్రమమును ప్రారంభించి, దూరదర్శన్ ద్వారా పాఠములను ప్రసారము చేయసాగినారు. ఉస్మానియాలోనూ, దాని నానుకొని ఉన్న ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయములోనూ అట్టి పాఠములను చిత్రించు కేంద్రములు పనిచేసినవి. ఆనాడు పాఠము టేపు మీద ఉండెడిది. పాఠము చెప్పువారు వేరు, చిత్రించువారు వేరు, దాచువారు వేరు. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడినవి. ఆ సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వము టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్ల ద్వారా పాఠములను నడిపినది. ఆ రోజులలో పల్లెటూరి బడిపంతులు కూడ తన ఫోనును కుర్చీకి ఆనించి తానే చిత్రించి, తానే దాచి, తానే పంచినాడు. ఈ మూడు పనులలోనూ తాను ఏ నాకా దాటుచున్నాడో అతనికెవరూ చెప్పలేదు.

నాకు ఈ ప్రశ్న విద్యార్థుల వలన ఎదురైనది. కంప్యూటరు చదువు చదువుచున్న నలుగురైదుగురు పిల్లలు, పల్లెటూళ్ల జూనియర్ కళాశాలల వారికి పనికివచ్చునట్లు తెలుగు పాఠములతో ఒక సాఫ్టువేరు తయారు చేయుదమని వచ్చినారు. గణవిభజన, యతిప్రాసలు, సంధులు, సమాసములు, ఇట్లు ముప్పది పాఠములు. అంతయు కుదిరిన పిమ్మట వారిలో వారికే తగవు పడినది.

“సార్, ఏ కోడెక్‌లో పెట్టాలన్నది తేలడం లేదు. వీడు పేటెంటున్నది వద్దంటాడు. వీడేమో అది లేకపోతే పాత ఫోన్లలో బొమ్మే రాదంటాడు” అన్నాడొకడు.

“ముందు కోడెక్ అంటే ఏమిటో నాకు అర్థమయ్యేటట్టు చెప్పండి నాయనా, తగవు తరువాత తీరుద్దాం” అన్నాను. వారు చెప్పినది, నేను చదివి తెలిసికొన్నది కలిపి ఇక్కడ వ్రాయుచున్నాను.

కోడర్, డీకోడర్ అను రెండు ఆంగ్లపదముల మొదళ్లను అతికించి చేసిన మాట కోడెక్. బొమ్మను మూటగట్టునది, మూట విప్పునది అని అర్థము. మూట ఎందుకు కట్టవలెనో లెక్క వేసినగాని తెలియదు. నేటి సాధారణమైన హెచ్‌డీ పటములో అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. మొత్తము ఇరువది లక్షల పైచిలుకు. ఒక్కొక్క చుక్క రంగు వ్రాయుటకు 3 బైట్లు. సెకనుకు 25 పటములు. ఏ తగ్గింపూ చేయక ఉన్నదున్నట్లు వ్రాసినచో ఒక్క సెకనుకు 15 కోట్ల బైట్లు దాటును. 45 నిమిషముల పీరియడునకు సుమారు 420 గిగాబైట్లు కావలెను. ఏ విద్యార్థి ఫోనులోనూ అంత చోటు లేదు. అదే పాఠమును కోడెక్ చేత మూటగట్టించినచో 700 మెగాబైట్ల లోపున, కొంత ఓర్పు వహించినచో 200 మెగాబైట్లలో కూడ, ఇముడును.

ఇంత కుదింపు ఎట్లు సాధ్యమైనది? వ్యాకరణము చదివినవారికి ఒక్క మాటలో చెప్పవచ్చును: అనువృత్తి. ఒక సూత్రములో చెప్పిన పదమును సూత్రకారుడు తరువాతి సూత్రములలో మరల చెప్పడు. అది పైనుండి దిగివచ్చుచున్నదని చదువరియే గ్రహించుకొనవలెను. కోడెక్ చేయు పనియు అదియే. పాఠము చెప్పునప్పుడు గోడ, నల్లబల్ల, కిటికీ మారవు. కదలునది ఉపాధ్యాయుని చేయి, తల, సుద్దముక్క. కాబట్టి ఒక పటమును సంపూర్ణముగా వ్రాసి, వెనుక వచ్చు పటములలో ‘ఈ తునుక ఇటు ఇంత జరిగినది, మిగిలినదంతయు పైవలెనే’ అని మాత్రము వ్రాయుదురు. దానికి తోడు, మానవుని కన్ను పట్టలేని సన్నని తేడాలను నిర్దాక్షిణ్యముగా వదలివేయుదురు. అధికార సూత్రము తెలియనివానికి క్రింది సూత్రము అర్థము కానట్లే, ఆ సంపూర్ణ పటము దారిలో చెడినచో వెనుకవన్నియు చెడును. ఉన్నట్టుండి ముఖము గళ్లుగళ్లుగా విరిగిపోవుట మీరందరు చూచినదే.

తునుకను ఎట్లు కోయవలెను, జరిగిన దూరమును ఎట్లు లెక్కించవలెను, ఏ తేడా వదలవలెను అనునవి గొప్ప బుద్ధి కావలసిన పనులు. వాటిని కనిపెట్టిన సంస్థలు ఒక్కొక్క ఉపాయమునకు ఒక్కొక్క పేటెంటు తీసికొన్నవి. మన తీగ ఇక్కడ మొదలగుచున్నది.

గ్రంథహక్కు వేరు, పేటెంటు వేరు. ఈ భేదము తెలియక చదువుకొన్నవారు కూడ తికమక పడుచున్నారు. నేనొక సీసపద్యము వ్రాసినాననుకొనుడు. ఆ పద్యము నాది. నా మాటలను మరొకరు తమవని అచ్చువేసికొనరాదు. ఇది గ్రంథహక్కు. అట్లుగాక, సీసమను ఛందస్సునే ఒకడు తనదిగా పట్టా చేయించుకొన్నాడనుకొనుడు. అప్పుడు మీరు సొంత మాటలతో, సొంత భావముతో, నా ముఖము చూడకుండ సీసము వ్రాసినను అతనికి రుసుము చెల్లించవలెను. ఇది పేటెంటు. ఆటవెలదికి అట్టి పట్టాదారు ఉండి ఉన్నచో వేమన గతి ఏమయ్యెడిదో ఊహించుకొనుడు!

“సార్, ఇది ఫ్రీయే కదా! కోడంతా బయటే ఉంది” అని విద్యార్థి ఒక సాఫ్టువేరు చూపినప్పుడు నేను ఈ ఉదాహరణమునే చెప్పినాను. వారు చూపినది ఎఫ్ఎఫ్ఎంపెగ్ అను ప్రసిద్ధమైన పనిముట్టు. దాని పాఠ్యము అందరిది. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును. పద్యము ఉచితమే. కాని అందులోని కొన్ని ఛందస్సులకు వేరే పట్టాదారులున్నారు. పద్యము వ్రాసియిచ్చిన దాత తనది కాని పట్టాను ఇవ్వజాలడు గదా!

పట్టాదారులు ఒకరు కారు. 1988లో ఎంపెగ్ అను అంతర్జాతీయ నిపుణుల బృందము ఏర్పడినది. వివిధ సంస్థల వారు కూడి, ఎవరి ఉపాయము మేలైనదో పరీక్షించి, అన్నిటిని కలిపి ఒక ప్రమాణము నిర్ణయింతురు. ఆ ప్రమాణమును పాటించు ప్రతివాడును అందులోని పేటెంట్లన్నిటిని త్రొక్కినవాడగును. ఒక్కొక్కరితో ఒప్పందము వ్రాసికొనుట అసాధ్యము గనుక, పట్టాలన్నిటిని ఒక గంపలో వేసి, అందరి తరఫున ఒక్కరే రుసుము వసూలు చేయు పద్ధతి వచ్చినది. 2003లో వెలువడిన హెచ్.264 అను ప్రమాణమునకు ఎంపెగ్ ఎల్ఏ అను సంస్థ ఆ పని చేసినది. 2023లో అది వయా అను మరొక సంస్థలో కలిసినది. వారు ప్రకటించిన పట్టికలో ఏడాదికి మొదటి లక్ష ప్రతులకు రుసుము లేదు. ఆపైన ప్రతికి 20 సెంట్లు, 50 లక్షలు దాటిన వెనుక 10 సెంట్లు. ఇంటర్నెట్టులో చూచువారికి ఉచితముగా చూపు వీడియోలకు రుసుము అడుగబోమని 2010 ఆగస్టులో వారే ప్రకటించినారు. న్యాయముగా చెప్పవలెనన్న, ఈ నాకా మరీ క్రూరమైనది కాదు. అందువలననే హెచ్.264 ప్రపంచమంతట అల్లుకొనిపోయినది. నేడు హెచ్.264 విప్పలేని ఫోను దొరకుట కష్టము.

దాని తరువాతి తరమునకు ఆ వివేకము లేకపోయినది. 2013లో హెచ్.265 వచ్చినది. మూట మరింత చిన్నది. అయితే పట్టాదారులు ఒక గంప దగ్గర కూడలేదు. 2014లో ఒక గంప, 2015లో రెండవది, 2017లో మూడవది. ఏ గంపలోనూ చేరనివారు మరి కొందరు. ఒక్క వీధికి మూడు నాకాలు పెట్టినచో బండివాడు ఆ వీధినే మానివేయును. మైక్రోసాఫ్టు వంటి సంస్థ కూడ విండోసులో ఆ విప్పుడు పనిని విడిగా అమ్మకమునకు పెట్టినది. అంతకుముందు 2012లో, విద్యార్థుల కొరకే తక్కువ వెలకు చేసిన రాస్ప్‌బెర్రీ పై అను బుల్లి కంప్యూటరులో, పాత ఎంపెగ్-2 వీడియో చూడవలెనన్నచో 2 పౌన్ల 40 పెన్సులిచ్చి తాళపుచెవి కొనవలసివచ్చినది. యంత్రములో శక్తి ఉన్నది, బొమ్మ ఉన్నది, నడుమ నాకా ఉన్నది!

రుసుము పద్ధతిలో అందరికంటె గడుసైన కథ గిఫ్ బొమ్మలది. 1987లో కంప్యుసర్వ్ అను సంస్థ గిఫ్ రూపమును ప్రచురించినది. లోకమంతయు దానిని వాడుకలోనికి తెచ్చుకొన్నది. ఏడేండ్లు గడచిన తరువాత, 1994 డిసెంబరులో, అందులోని కుదింపు ఉపాయము తనదని యూనిసిస్ సంస్థ రుసుము అడిగినది. ఇల్లు కట్టుకొని, గృహప్రవేశము చేసికొని, పిల్లల పెండ్లిండ్లు చేసిన తరువాత స్థలము నాదని ఒకడు వచ్చినట్లయినది. ఆ కోపము నుండియే పీఎన్‌జీ అను రుసుము లేని రూపము పుట్టినది. యూనిసిస్ వారి అమెరికా పేటెంటు 2003 జూన్ 20తో ముగిసినది. నేడు గిఫ్ మీద ఎవరికీ ఏ హక్కూ లేదు. ఆ ముగియుట అను మాటను పాఠకులు కొంచెము జ్ఞాపకముంచుకొనవలెను.

వీడియో విషయమునను అట్టి తిరుగుబాటులు జరిగినవి. ఆన్2 అను సంస్థ తన పాత కోడెక్‌ను ధారపోయగా, దాని నుండి థియోరా తయారై 2008లో మొదటి పూర్తి రూపము పొందినది. 2010లో గూగుల్ ఆ ఆన్2 సంస్థనే కొని, వీపీ8 అను కోడెక్‌ను వెబ్ఎం అను పేర లోకమునకు రుసుము లేకుండ ఇచ్చినది. 2013లో వీపీ9 వచ్చినది. 2015 సెప్టెంబరులో అమెజాన్, సిస్కో, గూగుల్, ఇంటెల్, మైక్రోసాఫ్టు, మొజిల్లా, నెట్‌ఫ్లిక్స్ సంస్థలు కూటమి కట్టి, 2018 మార్చిలో ఏవీ1ను వెలువరించినవి. ఇందులో దానగుణము కంటె లెక్కలు ఎక్కువ. కోట్లాది గంటల వీడియో చూపువానికి రుసుము బెడద ఎంతటిదో వారికి తెలియును. ఏమైనను, పెద్దలు తమ కొరకు త్రవ్వించుకొన్న చెరువులో ఊరివారు కూడ నీరు ముంచుకొనుట తప్పు కాదు.

అయితే రుసుము లేదు అను మాటను శిలాశాసనముగా భావించరాదు. అది ఆ కూటమిలోని వారి వాగ్దానము. ఆ వాగ్దానమునకును ఒక షరతు ఉన్నది: ఏవీ1 మీద పేటెంటు వ్యాజ్యము వేసినవానికి ఆ అనుమతి రద్దగును. కూటమి వెలుపలి వారు ఏ వాగ్దానమూ చేయలేదు. 2019లో సిస్వెల్ అను సంస్థ, ఏవీ1లోను, వీపీ9లోను తమవారి పేటెంట్లున్నవని చెప్పి మరొక గంప పెట్టనే పెట్టినది. కూటమివారు మా దారి మాదే అన్నారు. ఈ రంగమున నిక్కముగా నిర్భయమైనది ఒక్కటే: గడువు ముగిసిన పేటెంటు.

తార్నాక కూడలి నుండి హబ్సిగూడ వైపు నాలుగడుగులు వేసినచో కుడియెడమల పరిశోధనాలయములు కనబడును. వాటిలో ఐఐసీటీ కథ మన విషయమునకు చాల దగ్గరిది. 1944లో హైదరాబాదు సంస్థానము వారు స్థాపించిన పరిశోధనాలయము, 1956లో ప్రాంతీయ పరిశోధనాలయమను పేర కేంద్ర మండలి ఏలుబడికి వచ్చి, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అయినది. 1970 నాటి మన పేటెంటు చట్టము, మందుల విషయమున వస్తువునకు పట్టా ఇవ్వలేదు. దానిని తయారుచేయు పద్ధతికి మాత్రమే ఇచ్చినది. అనగా మందు ఎవరిదైనను, నీవు కొత్త దారిన దానిని చేయగలిగినచో నిన్ను అడ్డగించువాడు లేడు. ఎయిడ్సు వ్యాధికి జిడోవుడిన్ అను మందు విదేశములలో భరించరాని వెలకు అమ్ముడుపోవుచున్న రోజులలో, గుంటూరువారైన ఎ.వి. రామారావుగారు దర్శకులుగా ఉన్న ఈ సంస్థ సొంత పద్ధతిన దానిని తయారుచేసి సిప్లా కంపెనీకి అప్పగించినది. 1993లో ఆ మందు చాల తక్కువ వెలకు మన అంగళ్లకు వచ్చినది. 2005 జనవరి 1 నుండి చట్టము మారి, మందుకే పట్టా ఇచ్చు పద్ధతి వచ్చినది. అది వేరే చర్చ.

విద్యార్థులకు ఈ కథ చెప్పగా వారు సంబరపడి, “అయితే ఏవీ1 కూడా అంతే సార్, వేరే దారి” అన్నారు. కాదు. ఇక్కడనే మెలిక ఉన్నది. రసాయనమున దారి మారినను చేరు ఊరు ఒక్కటే. తార్నాకలో చేసినను, లండనులో చేసినను జిడోవుడిన్ జిడోవుడినే. రోగి దేహము దానిని గుర్తించును. కోడెక్ సంగతి అట్లు కాదు. అక్కడ దారియే ఊరు. వేరొక ఉపాయముతో మూట కట్టినచో అది వేరొక మూట. పాత ముడి విప్పుట నేర్చిన ఫోను కొత్త ముడిని విప్పలేదు. కాబట్టి మేలైన దారి కనిపెట్టినంత మాత్రమున చాలదు. అవతలివాని చేతిలో ఆ ముడి విప్పు యంత్రము ఉండవలెను. నల్లగొండ జిల్లాలోని విద్యార్థిని చేతిలో అన్నగారు వాడి ఇచ్చిన ఆరేండ్ల నాటి ఫోను ఉన్నప్పుడు, ఏవీ1 ఎంత గొప్పదైనను ఆమెకు దానివలన కలుగునది వేడెక్కిన ఫోను, కరగిపోయిన బ్యాటరీ.

ఆ మాట ఒప్పుకొన్నను రెండవ పక్షము బలహీనమైనది కాదు. ఏవీ1 మూట హెచ్.264 మూటలో సుమారు సగముండినను అదే నాణ్యత కనబరచుచున్నదని పరీక్షలు చెప్పుచున్నవి. నెలకింత డేటా అని కొలిచి కొనుక్కొను ఇంటిలో సగము డేటా అన్నది చిన్న సంగతి కాదు. పాత ఫోను ఉన్నవాడు, డేటా చాలనివాడు తరచుగా ఒక్కడే అగుట ఈ సమస్యలోని క్రూరత్వము. నా మట్టుకు నేను, బొమ్మ రావడమే ముందు, పొదుపు తరువాత అందును. తరగతి పాఠము సినిమా కాదు, కదలిక తక్కువ. హెచ్.264తో కూడ దానిని చాలవరకు చిన్నదిగా కట్టవచ్చును.

ఇక మన చట్టమేమనునో చూతము. 2002లో చేసిన సవరణ ప్రకారము, కంప్యూటరు ప్రోగ్రాము ‘అంత మాత్రముగ’ పేటెంటుకు తగదు. గణిత పద్ధతి, గణనసూత్రము అసలే తగవు. ఆ అంత మాత్రముగ అను మాటను పలుచన చేయుటకు 2004 చివర ఆర్డినెన్సు ద్వారా ఒక ప్రయత్నము జరిగినది. 2005లో పార్లమెంటు దానిని అంగీకరింపలేదు. కాని ప్రోగ్రామునకు ఏదైన సాంకేతిక ఫలితమును జోడించి చూపినచో పట్టా వచ్చుటకు సందున్నది. వీడియో కుదింపునకు సంబంధించిన పేటెంట్లు మన దేశములోనూ మంజూరైనవి. కాబట్టి మన దేశమున మనకేమి భయము లేదని గుండె మీద చేయి వేసికొని పడుకొనుటకు వీలు లేదు. అట్లని ముప్పది పాఠముల సాఫ్టువేరు చేయు విద్యార్థులు వణకిపోవలసిన పనియు లేదు.

వారికొక తేలిక మార్గమున్నది. ఫోను తయారుచేసిన సంస్థ హెచ్.264 విప్పు యంత్రమునకు రుసుము ఎప్పుడో కట్టి, ఆ వెలను ఫోను ధరలో కలిపివేసినది. మన సాఫ్టువేరు తానుగా ముడి విప్పక, ఫోనులోని ఆ యంత్రమునే పిలిచి పని చెప్పినచో సరిపోవును. సిస్కో సంస్థ 2013లో మరొక చమత్కారము చేసినది. హెచ్.264 సాఫ్టువేరును తయారుచేసి, దాని పాఠ్యమును లోకమునకిచ్చి, తాము తయారుచేసి ఇచ్చు ప్రతికి రుసుము తామే కట్టుదుమన్నది. అయితే ఆ పాఠ్యమునే తీసికొని మీరు స్వయముగా ప్రతి తయారుచేసికొన్నచో ఆ కట్టుబడి మీకు వర్తించదు. అన్నము ఒక్కటే, వారి సత్రములో తిన్నచో ఉచితము, ఇంటికి బియ్యము తెచ్చి వండుకొన్నచో మీ ఖర్చు. ఇట్టి షరతులు చదివినగాని తెలియవు. కంప్యూటరు విద్యార్థులు అనుమతి పత్రములను చదువరు. మేము పద్యములకు వ్యాఖ్యానము చదివించినట్లు వారిచేత వాటిని చదివించువారు ఉండవలెను.

దాచుట అను ప్రశ్న మిగిలినది. నాకు అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే. పేటెంటున్న రూపములో దాచినచో రేపు పాఠము బందీ అగునని మా వారిలో ఒకడు గట్టిగా వాదించినాడు. అతని ఆవేశము నాకు నచ్చినది. వాదము మాత్రము సగమే సరియైనది. పేటెంటు అనగా రహస్యము కాదు. ఉపాయమును పూర్తిగా వ్రాసి లోకమునకు చెప్పినవానికే, 20 సంవత్సరముల పాటు హక్కు ఇత్తురు. హెచ్.264 ప్రమాణము మొత్తము అచ్చులో ఉన్నది. ఎవరైనను తెచ్చుకొని చదువవచ్చును. తీగ ఉన్నది గాని, తీగ మీద తీసివేయు తేదీ కూడ వ్రాసియున్నది. ఎంపీ3 పాటల మీద రుసుము వసూలు 2017 ఏప్రిల్‌లో ఆగిపోయినది. ఎంపెగ్-2కు అమెరికాలో చివరి పేటెంటు 2018 ఫిబ్రవరిలో ముగిసినది. హెచ్.264 పేటెంట్లలో అనేకములు గడువు దాటినవి, కొన్ని మాత్రము మిగిలియున్నవి.

రహస్యమునకు అట్టి తేదీ లేదు. తెలుగువారికి ఈ సంగతి వీడియో కంటె ముందే అక్షరముల వలన అనుభవములోనికి వచ్చినది. 1990లలో పత్రికలు, ముద్రణాలయములు ఎవరికి వారు సొంత ఫాంట్లు చేయించుకొని, ఏ సంఖ్యకు ఏ అక్షరమో తమ ఇచ్చ వచ్చినట్లు కేటాయించుకొన్నవి. 1991లోనే యూనికోడ్ ప్రమాణమున తెలుగునకు స్థానము లభించినను, దానిని మనవారు చాల కాలము పట్టించుకొనలేదు. ఫలితముగా ఆ రోజులలో కంప్యూటరునకెక్కిన కథలు, వ్యాసములు, పరిశోధన గ్రంథములు ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో పిచ్చిగీతలు. ఒక కళాశాలలో ఒక మిత్రుని సిద్ధాంత వ్యాసము అట్లే గీతలై మిగిలినది; అచ్చుప్రతిని చూచి మరల టైపు చేయించవలసివచ్చినది. దానిమీద ఏ పేటెంటూ లేదు, ఎవరూ రుసుము అడుగలేదు. సంకేతము పట్టిక ఎక్కడా ప్రకటింపబడి లేదు, అంతే. ఇంటర్నెట్టు తొలి రోజులలో రియల్ ఆడియో అను సంస్థాగత రూపములో చేరిన తెలుగు పాటలకును ఇంచుమించు ఇదే గతి పట్టినది. నేటి ఫోను వాటిని తెరువలేదు. ఆ రహస్యమును ఓపికతో ఛేదించిన స్వేచ్ఛా సాఫ్టువేరు వారి పుణ్యమున కొన్ని బ్రతికినవి.

కనుక దాచువాడు భయపడవలసినది ప్రకటింపబడని రూపమునకు. సాఫ్టువేరు తయారుచేసి పంచువాడు భయపడవలసినది రుసుమునకు. ఈ రెండు భయములను ఒకటిగా కలిపివేయుటయే మా వారి తగవునకు మూలము. తెలుగులో ఉచితము, స్వేచ్ఛ అని రెండు మాటలుండగా, రెంటికిని ఫ్రీ అను ఒక్క మాటతో సరిపెట్టుకొన్నందున వచ్చిన చిక్కు ఇది కొంత.

తుదకు వారు చేసినదేమనగా: కెమెరా పుట్టించునదే హెచ్.264 మూట. దానిని విప్పి వేరొక గొప్ప రూపములోనికి మార్చినను పోయిన తేడాలు తిరిగి రావు. మూట మాత్రము బరువెక్కును. గ్రంథాలయముల వారు మెచ్చు ఎఫ్ఎఫ్‌వీ1 అను నష్టము లేని కోడెక్‌ను ఒకడు సూచించినాడు గాని, అది పాత టేపుల నుండి ఎత్తి వ్రాయువారికి ఉపయోగము, మాకు కాదు. కాబట్టి కెమెరా ఇచ్చిన ప్రతిని తాకక, మూడు డిస్కులలో మూడు చోట్ల దాచినారు. ఫోనులకు పంపునది హెచ్.264; విప్పునది ఫోనులోని యంత్రమే. కొత్త ఫోనులున్నవారి కొరకు ఏవీ1 ప్రతి కూడ ఉన్నది; ఏది పంపవలెనో సాఫ్టువేరు ఫోనును అడిగి తెలిసికొనును. వికీమీడియా గ్రంథశాలకు మరొక ప్రతి వీపీ9లో చేసినారు. పేటెంటు బెడద ఉన్న ఎంపీ4 వద్దని అక్కడివారు 2014లో సుదీర్ఘముగా చర్చించి నిర్ణయించుకొన్నారు. శబ్దమునకు మాత్రము ఎవరికీ పేచీ లేదు: 2012లో ప్రమాణమైన ఓపస్ రుసుము లేనిది, మేలైనది కూడ. పాత ఫోనుల ప్రతికి మాత్రము అలవాటైన ఏఏసీనే ఉంచినారు.

మొదటి పాఠము కందపద్య లక్షణము, 38 నిమిషములు. పంపిన వారము దినములకు ఒక జూనియర్ కళాశాల విద్యార్థిని నుండి జాబు వచ్చినది. బొమ్మ ఆగకుండ వచ్చుచున్నదట, మాట స్పష్టముగా ఉన్నదట. కాని నల్లబల్ల మీద గురువునకు పెట్టిన వంకర గీతయు, లఘువునకు పెట్టిన నిలువు గీతయు ఒక్కతీరుగా అలుక్కుపోయి, ఏది భగణమో ఏది నలమో తెలియకున్నదట. కన్ను పట్టదని కోడెక్ వదలివేసిన సన్నని తేడాలలో మా గురులఘువులు కూడ పోయినవన్న మాట. విద్యార్థులు ఆ పాఠమును కొంచెము వదులుగా, 240 మెగాబైట్లకు మూటగట్టి, మరల పంపినారు.